టిప్పు ఇచ్చాం కదా, జీతం సంగతి మనకెందుకు?

(వినియోగదారుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ రెండు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, రండి.

ఈరోజు టిప్పు గురించి మాట్లాడమన్నారు. పదో ఇరవయ్యో రూపాయల వ్యవహారం, దీని మీద ప్రసంగమేమిటని మీకు అనిపించవచ్చు. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. హోటల్లో మీకు వడ్డించిన మనిషికి జీతం ఎవరిస్తున్నారు? యజమాని. సరే, ఆ యజమానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మన బిల్లు నుంచే కదా. అంటే జీతమూ మన డబ్బే, టిప్పూ మన డబ్బే. రెండూ మన జేబులోంచే పోతున్నాయి. మరి ఒకటి ఆ మనిషికి హక్కుగా చేరుతుంటే, ఇంకొకటి మన దయ మీద ఎందుకు ఆధారపడాలి? నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

టిప్పు ఇవ్వొద్దని చెప్పడానికి నేను రాలేదు. ఇవ్వండి. చేతికే ఇవ్వండి, పేరు అడిగి ఇవ్వండి. కానీ ఇచ్చేశాం కాబట్టి మన బాధ్యత తీరిపోయిందని మాత్రం అనుకోవద్దు.

మనకు బాగా తెలిసిన పెళ్లి భోజనాల సంగతి చూద్దాం. క్యాటరింగ్ ఆయన ప్లేటు 450 అంటాడు. మనం 400కి రమ్మంటాం. బేరం ఆడనివాళ్లు ఉన్నారా ఇక్కడ? అందరం ఆడతాం. ఆయన కాసేపు బతిమాలి, చివరికి ఒప్పుకుంటాడు. 600 ప్లేట్లు అనుకుందాం. ప్లేటుకు 50 చొప్పున మనకు 30,000 మిగిలింది. మరి ఆ 30,000 ఆయన ఎక్కడ తగ్గించుకుంటాడు? బియ్యం రేటు ఆయన కోసం తగ్గదు. నూనె రేటు తగ్గదు. గ్యాస్ సిలిండర్ తగ్గదు. వంట మాస్టర్‌కి తగ్గిస్తే మాస్టర్ వేరే చోటికి పోతాడు. ఇంక మిగిలింది ఎవరు? వడ్డించే పిల్లలు, గిన్నెలు కడిగే ఆడవాళ్లు. ఇరవై అయిదు మంది రావాల్సిన చోట పద్దెనిమిది మంది వస్తారు. కూలిలో వంద రూపాయలు కోత పడుతుంది.

ఆ పిల్లలెవరో మీకు తెలుసు. ఇంటర్, డిగ్రీ చదువుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతికి ప్లాస్టిక్ గ్లౌజులు. పొద్దున టిఫిన్ల వేళకి వచ్చి, రాత్రి చివరి బంతి లేచేదాకా నిలబడే ఉంటారు. అందరూ తిన్నాక మిగిలింది తింటారు. అప్పటికి బస్సులు ఉండవు. ఇక ఆఖర్లో పెళ్లికూతురి తండ్రి వాళ్లను పిలిచి, మూడు వేలు చేతిలో పెట్టి, 'పంచుకోండి నాయనా, బాగా చేశారు' అంటాడు. నిజంగా మంచి మనసుతోనే ఇస్తాడు, నేను దాన్ని తప్పు పట్టను. కానీ లెక్క చూడండి. బేరంలో మనకు మిగిలింది 30,000. టిప్పుగా తిరిగి వచ్చింది 3,000. ఆ మూడు వేలు కూడా గిన్నెలు కడిగే ఆవిడ దాకా వెళ్లవు. ఆవిడ వెనకెక్కడో ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

అందుకని ఈసారి మీ ఇంట్లో శుభకార్యం జరిగితే, ప్లేటు రేటు మాట్లాడేటప్పుడే ఇంకో మూడు మాటలు అడగండి. వడ్డనకి ఎంతమంది వస్తారు? మనిషికి ఎంత ఇస్తున్నారు? రాత్రి వాళ్లు ఇళ్లకు వెళ్లడానికి బండి ఉందా? అడిగి, దానికి ప్లేటుకు ఎంత పెరుగుతుందో చెప్పమనండి. పది పెరుగుతుందా, పదిహేను పెరుగుతుందా, ఆయన్నే చెప్పనివ్వండి. నేను చెప్పాక కొందరు మిత్రులు ఇలా అడిగారు. క్యాటరింగ్ వాళ్లు మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత నిజమే చెబుతారు. ఆ ప్రశ్న వాళ్లని ఎవరూ అడగలేదు మరి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టిప్పుకీ జీతానికీ తేడా ఏమిటి? రెండూ డబ్బే కదా, చేతికొస్తే చాలు కదా అంటారు. చాలదండీ. చట్టం దృష్టిలో టిప్పు జీతం కాదు. 2016లో హోటళ్లు నడిపే ఐటీసీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే అంది. కార్డు మీద కస్టమర్ ఇచ్చిన టిప్పును హోటల్ తన సిబ్బందికి పంచితే, అది జీతం కిందికి రాదు, కాబట్టి జీతం మీద కోసినట్టు దాని మీద టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోయక్కర్లేదని తీర్పు. ఎందుకంటే టిప్పు ఇమ్మని యజమానిని అడిగే హక్కు కార్మికుడికి ఉండదు. ఆ కేసు పన్ను గురించి. ఆ తర్కాన్ని మాత్రం ఒకసారి గమనించండి. అడిగే హక్కు లేని డబ్బు అది.

దీని ఫలితం ఏమిటో చూద్దాం. ఒక సర్వర్ ఉన్నాడు. జీతం 10,000, టిప్పులు నెలకు 5,000 వస్తాయి. చేతికి 15,000. బాగానే ఉందనిపిస్తుంది. ఇతనికి పీఎఫ్ ఎంత మీద కడతారు? మహా అయితే 10,000 మీద. జబ్బు చేసి పడుకున్నాడు. ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఉంటే జీతంలో 70 శాతం ఇస్తుంది. 70 శాతం ఎంత మీద? 10,000 మీదే. టిప్పులైతే ఆ నెల పూర్తిగా సున్నా. ఇరవై ఏళ్లు పనిచేసి మానేశాడు. పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కడితే, 10,000 మీద సుమారు లక్షా పదిహేను వేలు వస్తుంది. ఆ టిప్పు డబ్బే జీతంగా వచ్చి ఉంటే? లక్షా డెబ్బై మూడు వేలు వచ్చేది. తేడా యాభై ఏడు వేల పైచిలుకు. బ్యాంకులో లోనుకి పోతే జీతం స్లిప్పు అడుగుతారు, అందులోనూ 10,000 అనే ఉంటుంది. మనం ఇరవై ఏళ్లు టిప్పులు ఇస్తూనే ఉన్నాం, మనసులో తృప్తి పడుతూనే ఉన్నాం. అతని ముసలితనానికి మాత్రం అందులోంచి ఒక్క రూపాయి చేరలేదు.

ఇంకోటి కూడా ఉంది. టిప్పు ఎవరికి పడుతుంది? నవ్వుతూ మాట్లాడేవాడికి పడుతుంది. మన భాష వచ్చినవాడికి పడుతుంది. ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో వచ్చి, తెలుగు ఇంకా పట్టుబడని కుర్రాడికి తక్కువ పడుతుంది. దోసె పెనం ముందు పొగలో నిలబడేవాడికి అసలే పడదు. ఆడపిల్ల అయితే, టిప్పు ఇచ్చే మనిషి పిచ్చి మాటలు మాట్లాడినా నోరు మూసుకుని నవ్వాలి. ఎందుకంటే ఆ నెల ఇంటి అద్దె అతని చేతిలో ఉంది. జీతం యజమాని ఇచ్చేది అయితే ఆ అమ్మాయి ధైర్యంగా 'మర్యాదగా మాట్లాడండి' అనగలదు.

టిప్పు లేకపోతే పని సరిగా చేయరు అనే మాట తరచుగా వింటాను. ఇక్కడ కూడా ఒకరిద్దరు తల ఊపుతున్నారు. మన బడి పంతుళ్ల సంగతి గుర్తు చేసుకోండి. పాతకాలం వీధి బడుల్లో పంతులుగారికి నెల జీతమంటూ సరిగా ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చేదే ఆధారం. దసరా వచ్చిందంటే రంగు కాగితాల విల్లంబులు పట్టుకున్న పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగేవారు. అయ్యవారికి అయిదు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అడిగే ఆ పాట మీలో పెద్దవాళ్లకి వచ్చే ఉంటుంది. ఎంత చక్కటి పాట! మనకు అది పండగ ముచ్చట. ఆ పంతులుగారి వైపు నుంచి ఆలోచించండి. చదువు చెప్పినవాడు గడప గడపకీ వెళ్లి పాట పాడించి, ఇచ్చినంత పుచ్చుకోవాలి. ఎవరైనా ఇవ్వకపోతే? మళ్లీ రేపు వాళ్ల పిల్లవాడికే పాఠం చెప్పాలి.

తర్వాత ఏమయింది? టీచర్లు సంఘాలు పెట్టుకున్నారు, పోరాడారు, స్కేలు వచ్చింది, పెన్షన్ వచ్చింది. దసరా మామూలు పోయింది. దానివల్ల చదువు పోయిందా? టీచర్ మనింటికి వచ్చి చేయి చాచడం లేదని ఈరోజు ఎవరైనా బాధపడుతున్నారా? నర్సుకి, బస్సు డ్రైవర్‌కి, బ్యాంకు గుమస్తాకి మనం టిప్పు ఇవ్వం. పని జరుగుతూనే ఉంది. మరి వడ్డించేవాడి దగ్గరికి వచ్చేసరికి జీతంతో పని చేయడని ఎందుకు అనుకుంటాం?

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వెళ్లి వచ్చినవాళ్లూ ఉన్నారు. బిల్లు కట్టేచోట స్క్రీన్ మీద 18 శాతం, 20 శాతం, 25 శాతం అని వస్తుంది, ఏదో ఒకటి నొక్కాలి. ఇదేం గోలరా బాబూ అనుకుని వచ్చి ఉంటారు. ఆ గోల వెనక ఒక చట్టం ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే మనకు పనికొస్తుంది.

అక్కడ ఫెడరల్ కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 నుంచి అదే. కానీ టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది ఎంతో తెలుసా? 2 డాలర్ల 13 సెంట్లు. ఇది 1991 నుంచి మారలేదు. మిగతా 5 డాలర్ల 12 సెంట్లు కస్టమర్ల టిప్పుల్లోంచి వచ్చినట్టు లెక్క చూపించుకోవచ్చు. టిప్పులు చాలకపోతే యజమాని పూడ్చాలి, నిజమే. కానీ దీని అర్థం ఏమిటో చూడండి. మీరు టేబుల్ మీద పెట్టిన టిప్పులో గంటకు మొదటి అయిదు డాలర్లు ఆ అమ్మాయికి అదనంగా వెళ్లడం లేదు. యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని మీరు కట్టారు. ఆ అమ్మాయి కోసం ఇచ్చామనుకున్న డబ్బుతో యజమాని ఖర్చు తగ్గింది.

ఇది ఎలా మొదలైందో చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. అక్కడి అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లని పుల్‌మన్ అనే రైలు బోగీల కంపెనీ పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం చాలా తక్కువ, మిగతాది ప్రయాణికుల దయ. వాళ్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. కంపెనీ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టడానికి 1937 దాకా పట్టింది. పన్నెండేళ్ల పోరాటం. వాళ్లు కోరింది ఎక్కువ టిప్పులు కాదు, బతకడానికి సరిపడే జీతం, పని గంటలకు ఒక పరిమితి.

అదే దేశంలో కాలిఫోర్నియా, వాషింగ్టన్, మినసోటా లాంటి ఏడు రాష్ట్రాలు ఈ తగ్గింపు లెక్కని ఒప్పుకోవు. టిప్పు వచ్చినా రాకపోయినా రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా ఇవ్వాల్సిందే. అక్కడ హోటళ్లు మూతపడ్డాయా? మన పిల్లలు వారాంతంలో తింటున్న బిర్యానీలు ఎక్కడివి మరి? బ్రిటన్‌లో 2009 నుంచి టిప్పును కనీస వేతనంలో కలిపి చూపించడానికి వీల్లేదు. 2024 అక్టోబర్ నుంచి, వచ్చిన టిప్పంతా కోత లేకుండా పనివాళ్లకే చేరాలని చట్టం అమల్లోకి వచ్చింది.

మన దగ్గర సర్వీస్ చార్జీ గొడవ మీకు తెలిసిందే. బిల్లులో అయిదు శాతమో పది శాతమో కలిపేసేవాళ్లు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మన అనుమతి లేకుండా కలపకూడదు, వేరే పేరుతో కూడా తీసుకోకూడదు అని. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పిచ్చింది. ఎవరైనా బలవంతంగా వేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మన సంఘం కూడా దీని మీద గట్టిగా మాట్లాడింది, మాట్లాడటం న్యాయమే. ఎందుకంటే సిబ్బంది పేరు చెప్పి వసూలు చేసి, అందులో సిబ్బందికి ఎంత చేరిందో చెప్పకపోవడం మనకూ అన్యాయం, వాళ్లకూ అన్యాయం.

అయితే ఒక్క ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. ఆ పది శాతం తీసేయమని అడిగినంత గట్టిగా, అందులో పనివాళ్లకి ఎంత ఇచ్చారో లెక్క చూపించమని అడిగామా? అడగలేదు. వినియోగదారుల హక్కు అంటే తక్కువ ధరకి రావడం అనే దగ్గరే ఆగిపోయాం. ఆ భోజనం ఎవరి కష్టంతో ఎలా వచ్చిందో తెలుసుకోవడం కూడా మన హక్కే, మన బాధ్యతే.

యాప్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను, దాని మీద ఇంకోసారి ప్రత్యేకంగా కూర్చుందాం. 2025 మేలో ఊబర్ 'అడ్వాన్స్ టిప్' గురించి వార్తలు వచ్చాయి, చూసే ఉంటారు. బండి త్వరగా రావాలంటే ముందే టిప్పు పెట్టమనడం. అది అన్యాయమైన పద్ధతి అని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి అన్నారు, కంపెనీకి నోటీసు వెళ్లింది. చేసిన పనికి సంతోషించి ఇచ్చేది టిప్పు. పని మొదలవకముందే అడిగితే అది కిరాయిలో భాగమే. అలాంటప్పుడు దాన్ని కిరాయిలోనే పెట్టాలి కదా? అమెరికాలో అయితే అమెజాన్ సరుకులు ఇళ్లకు చేర్చే ఫ్లెక్స్ డ్రైవర్లకి కస్టమర్లు ఇచ్చిన టిప్పుల్లో కొంత వాళ్లకి చేరనివ్వకుండా, ఇస్తామన్న కూలి లెక్కలో కలిపేసుకున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థ ఆరోపించడంతో, అమెజాన్ 2021లో 6 కోట్ల 17 లక్షల డాలర్లు వెనక్కి కట్టే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. యాప్‌లో నొక్కిన టిప్పు ఎటు పోతుందో మనకు కనపడదు. కాబట్టి ఇవ్వాలనుకుంటే గుమ్మం దగ్గర డెలివరీ అబ్బాయి చేతికివ్వండి, లేదా అతని ఫోన్‌కే పంపండి.

మన దేశంలో 2020-21 నాటికే యాప్‌ల ద్వారా చేసే ఇలాంటి పనుల్లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30కి రెండు కోట్ల 35 లక్షలు అవుతారని కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగ్ అంచనా వేసింది. వీళ్ల కోసం రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు జనం ముందు పెట్టింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం ప్రకారం యాప్ కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం వీళ్ల సంక్షేమానికి కట్టాలి. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఆ శాతం నిజంగా కట్టించే దాకా అడగాల్సింది ఆ అబ్బాయిలొక్కరేనా? ఆర్డర్ పెట్టే మనం అడగకూడదా?

ఇప్పుడు మన గడప దగ్గరికే వద్దాం. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ. ఇంకేం, మీరు వినియోగదారులు మాత్రమే కాదు, మీ సొసైటీ ఆఫీసు ముందు కాపలా కాసే మనిషికి ఒక రకంగా యజమానులు కూడా. జనవరి ఒకటికి, దసరాకి ఇంటికి వంద, రెండు వందలు ఇస్తాం. మంచిదే. కానీ ఆ సెక్యూరిటీ ఏజెన్సీని ఎలా ఎంచుకున్నాం? మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ రేటు వేసినవాడికి ఇచ్చాం. అవునా కాదా?

ఆ కొటేషన్ కాగితాన్ని ఒక్కసారి చదవండి. బేసిక్, డీఏ (కరువు భత్యం), పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, సెలవు జీతం, యూనిఫాం, రిలీవర్ చార్జీ, చివర ఏజెన్సీ సర్వీస్ చార్జీ, అన్నీ విడివిడిగా ఉండాలి. తక్కువ రేటుకి ఇచ్చేవాడి కాగితంలో ఏదో ఒకటి మాయమై ఉంటుంది. ఎక్కువసార్లు మాయమయ్యేది రిలీవర్ చార్జీ. అంటే వారానికి ఒక సెలవు రోజు వేరే మనిషిని పెట్టే ఖర్చు. అది లేదంటే ఆ మనిషికి వారం సెలవు లేదన్నమాట. రెండోది పని గంటలు. రోజుకి 24 గంటలు, ఎనిమిదేసి గంటల చొప్పున ముగ్గురు ఉండాలి. మన గేటు దగ్గర ఎంతమంది ఉన్నారు? ఇద్దరు. పన్నెండు గంటల డ్యూటీ. ఎనిమిది గంటలు దాటిన పనికి ఓవర్‌టైం రెట్టింపు ఇవ్వాలి. ఇస్తున్నారా? కనుక్కోండి.

మూడో మనిషిని పెడితే ఎంతవుతుంది? నెలకు అన్నీ కలిపి 20,000 అనుకుందాం. అరవై ఫ్లాట్లు ఉంటే ఇంటికి 333 రూపాయలు. పండగ మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఇచ్చేదానికన్నా ఇది ఎక్కువే, కాదనను. నెలనెలా కట్టాలి. మీటింగులో ఎవరైనా లేచి మెయింటెనెన్స్ ఎందుకు పెంచారని అడుగుతారు. అప్పుడు మీరు లేచి చెప్పాలి. ఆ మాట చెప్పడం టిప్పు ఇవ్వడం కన్నా కష్టం. కానీ ఒక మనిషికి రోజుకి నాలుగు గంటలు నిద్ర, రిలీవర్ కూడా ఉంటే వారానికి ఒకరోజు పిల్లలతో గడిపే వీలు తిరిగొస్తాయి.

ధరలు పెరిగిపోతాయి కదా అని అడుగుతారు. పెరుగుతాయి, కొంచెం. ఎంతో లెక్క వేద్దాం. పదిమంది పనిచేసే చిన్న హోటలు. రోజుకి అయిదు వందల మంది తింటారు, నెలకు పదిహేను వేల మంది. పదిమందికీ మూడేసి వేలు జీతం పెంచితే 30,000. దాని మీద పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే ఇంకో నాలుగైదు వేలు. మనిషికి రెండున్నర రూపాయలు కూడా పడదు. మనం బిల్లు ప్లేటులో సోంపు పక్కన వదిలేసి వచ్చేది పది. ఈ రెండున్నర అయితే దోసె మాస్టర్‌కీ చేరుతుంది, గిన్నెలు కడిగే ఆవిడకీ చేరుతుంది, పీఎఫ్‌లోకీ వెళుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్‌లో దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో చాలా రంగాలకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, ఏడాదికి రెండుసార్లు డీఏ మాత్రం కలుపుతూ వస్తున్నారు. సవరించమని యూనియన్లు అడుగుతూనే ఉన్నాయి. ఈసారి వాళ్ల అర్జీ పక్కన వినియోగదారుల సంఘం అర్జీ కూడా ఉండాలని నా కోరిక. మా హోటల్ బిల్లు కొంచెం పెరిగినా ఫర్వాలేదు, వేతనాలు సవరించండి అని కస్టమర్లే రాసిస్తే, ధరలు పెరుగుతాయి కాబట్టి కుదరదు అనేవాళ్లకి ఇక చెప్పడానికి ఏం మిగులుతుంది?

అర్జీ ముసాయిదా ఆ బల్ల మీద ఉంది, చదివి మార్పులుంటే చెప్పండి, నచ్చితే సంతకం పెట్టండి. అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఫోన్‌లో మీ ఏజెన్సీ కొటేషన్ ఉంటే ఉండిపోండి. టీ వచ్చేలోగా కూర్చుని ఒక్కొక్క లైను చూద్దాం.